ఉద్యోగం పోతోంది, ఇన్సూరెన్స్ మాత్రం మార్చి దాకా ఉంటుందంటున్నారు. నమ్మొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ నెల మొదట్లో మీటింగ్‌కి పిలిచి, మీరే రిజైన్ చేస్తారా, మమ్మల్నే తీసేయమంటారా అని అడిగారు. భయపడి రిజైన్ చేశాను. లాస్ట్ వర్కింగ్ డే ఈ నెల 30. కంపెనీ గ్రూప్ పాలసీలో మొదటి నుంచీ నాతోపాటు నా భార్య, పిల్లలు, అమ్మానాన్నలు ఉన్నారు. అమ్మానాన్నల ప్రీమియం నా జీతంలోంచే కట్ చేస్తారు. నాన్నకి 68 ఏళ్లు, షుగరు ఉంది. నాలుగేళ్ల కిందట ఈ పాలసీ మీదే రెండు స్టెంట్లు వేయించాం. ఇప్పుడు బైపాస్ చేయాలి, వచ్చే నెలలో పెట్టుకుందాం అన్నారు డాక్టరు. పాలసీ మార్చి 31 దాకా ఉంది, టెన్షన్ పడొద్దని హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్లో చెప్పారు. యాప్‌లో కార్డు యాక్టివ్ అనే చూపిస్తోంది. నా పేరు తీసేయడం ఒక నెల ఆలస్యం చేయిస్తానని ఆఫీసులో ఒక ఫ్రెండ్ అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిదేమో కంపెనీ 18 నెలలు కవరేజీ ఇచ్చి తీరాలంటున్నాడు. ఇంత అన్యాయం చేసిన కంపెనీ మీద కేసు వేయొచ్చా?

జవాబు: కంపెనీ మీద కేసు సంగతి పక్కన పెట్టండి. అది కాస్త ఆగొచ్చు. మీ నాన్నగారి కవరేజీ రోజుల్లో లెక్క. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట "లాస్ట్ వర్కింగ్ డే ఈ నెల 30".

హెచ్‌ఆర్ వాళ్లు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, కానీ అది మీకు పనికొచ్చే నిజం కాదు. మార్చి 31 దాకా ఉండేది కంపెనీ తీసుకున్న మాస్టర్ పాలసీ. అందులో మీ సభ్యత్వం, మీతోపాటు మీ ఇంట్లోవాళ్ల సభ్యత్వం, మామూలుగా మీరు ఉద్యోగం మానేసిన రోజుతో పోతుంది. యాప్‌లో కార్డు యాక్టివ్ అని కనిపించడం కూడా రుజువు కాదు. వచ్చినవాళ్ల, పోయినవాళ్ల జాబితాను కంపెనీలు చాలాచోట్ల నెలకోసారి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపుతాయి. జాబితా ఆలస్యంగా వెళ్లినా పేరు తీసేసేది మాత్రం మీ ఆఖరి పనిదినం నుంచే. ఈ మధ్యలో కార్డు యాప్‌లో బతికే ఉంటుంది, కవరేజీ ఉండదు.

అందుకే మీ ఫ్రెండ్ చెప్పిన దారి జోలికి పోకండి. అది సాయం కాదు, మిమ్మల్ని ముంచే పని. రిలీవింగ్ లెటర్ మీద 30వ తేదీ ఉంటుంది, ఆస్పత్రి రికార్డులో అడ్మిషన్ తేదీ ఆ తర్వాత ఉంటుంది, ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఇక అడగాల్సింది ఏమీ లేదు. క్యాష్‌లెస్ ఇచ్చాక కూడా ఆ డబ్బు మీ నుంచి తిరిగి వసూలు చేస్తారు. ఉద్యోగి కాదని తెలిసీ ఉద్యోగినని చూపించి డబ్బు రాబట్టడం మోసం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందికి వస్తుంది, మీ ఫ్రెండ్ కూడా ఇరుక్కుంటాడు. పైగా మోసం రుజువైతే, 60 నెలలు నిండిన పాలసీలో వివరాలు దాచారంటూ క్లెయిమ్‌ని ప్రశ్నించకూడదన్న మారటోరియం రక్షణ కూడా మీకు దక్కదు.

బావమరిది చెప్పింది అమెరికా చట్టం. అక్కడ కోబ్రా కింద, 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలో ఉద్యోగం పోయినవాళ్లు 60 రోజుల్లోగా కోరుకుంటే, కవరేజీ పోయిన తేదీ నుంచే లెక్కేసి 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. ప్రీమియం మొత్తం, దాని మీద 2 శాతం అదనంగా, వాళ్లే కట్టుకోవాలి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఇక్కడ ఆలస్యమైతే వెనక తేదీ నుంచి కవరేజీ రాదు. ప్రీమియం ముందుగా అందనిదే రిస్కు మొదలవకూడదని ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 64వీబీ చెబుతోంది.

మనకున్నది మైగ్రేషన్. గ్రూప్ పాలసీలోంచి బయటికి వచ్చే ఉద్యోగి, కుటుంబ సభ్యులు అదే ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి లేదా ఫ్యామిలీ ఫ్లోటర్‌కి (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే కవర్ ఉండే పాలసీకి) మారొచ్చు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, గ్రూప్‌లో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో (పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలంలో), మారటోరియంలో లెక్కేయాలి. మీ విషయంలో దీని విలువ చాలా పెద్దది. బయట కొత్త పాలసీ కొంటే నాన్నగారి షుగరుకీ గుండెకీ 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. మైగ్రేషన్‌లో అయితే ఆయన తొమ్మిదేళ్లూ లెక్కలోకి వస్తాయి. అయితే పాత పాలసీలో ఎంత మొత్తానికి కవర్ ఉందో అంత వరకే. ఐదు లక్షల నుంచి పది లక్షలకి పెంచుకుంటే పెరిగిన ఐదుకి వెయిటింగ్ మళ్లీ మొదటి నుంచి. ఇంకోటి కూడా తెలుసుకోండి. మైగ్రేషన్ అడిగే హక్కుంది గానీ, అదే ప్రీమియానికి కళ్లు మూసుకుని ఇస్తారని కాదు. వైద్య పరీక్షలు అడుగుతారు, ప్రీమియం పెంచొచ్చు, బైపాస్ రాసిచ్చిన మనిషి విషయంలో వెనకాడొచ్చు కూడా.

ఇక్కడే ఏజెంట్లు "షుగరు, స్టెంట్లు రాయకండి సార్" అంటారు. ఆ స్టెంట్లకి డబ్బు కట్టింది ఈ ఇన్సూరెన్స్ కంపెనీయే, వాళ్ల దగ్గర ఫైలుంది. దాచితే క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా పోతుంది. ఫారంలో షుగరు, స్టెంట్లు, ఇప్పుడు డాక్టరు చెప్పిన బైపాస్, అన్నీ రాయండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఈ నెల మొదట్లో రిజైన్ చేశారు, ఇప్పటిదాకా ఎవరికీ ఒక్క మెయిల్ కూడా పెట్టినట్టు మీ లేఖలో లేదు. ఇంట్లో గుండె జబ్బు మనిషిని పెట్టుకుని ఫోన్లో విన్న మాట మీద ఆధారపడ్డారు. ఆ మాట ఎవరన్నారో, ఎప్పుడన్నారో రేపు ఎలా నిరూపిస్తారు?

ఇవాళే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, టీపీఏకి (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి), హెచ్‌ఆర్‌కి కాపీ పంపండి. ఆఫీసు మెయిల్ 30 తర్వాత తెరుచుకోదు కాబట్టి సొంత మెయిల్ నుంచే పంపండి. మాస్టర్ పాలసీ నంబరు, మీ సభ్యత్వ నంబరు, కుటుంబ సభ్యుల పేర్లు, ఆఖరి పనిదినం రాసి, వెయిటింగ్ పీరియడ్ కొనసాగింపుతో మైగ్రేషన్ కోరుతున్నానని, కొత్త పాలసీ 30 అర్ధరాత్రి నుంచే ఖాళీ లేకుండా మొదలవ్వాలని స్పష్టంగా అడగండి. మీ పాలసీలో మైగ్రేషన్ క్లాజు చదివి అక్కడున్న గడువు చూసుకోండి, అది ఏదైనా సరే మీ దరఖాస్తు 30 లోపు వాళ్లకి చేరినట్టు రుజువు ఉండాలి. స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్లు, జీతంలో ప్రీమియం కట్ అయిన పేస్లిప్పులు, స్టెంట్ల క్లెయిమ్ కాగితాలు ఆఫీసు లాగిన్ ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి.

డాక్టరుగారిని కలిసి, ఆపరేషన్ 30 లోపు చేయడం వైద్యపరంగా కుదురుతుందా అని అడగండి. కుదిరితే అంతకన్నా శుభ్రమైన దారి లేదు, అప్పటికి కవరేజీ పూర్తిగా చట్టబద్ధం. ఆస్పత్రిలో ఉండగా 30 దాటే అవకాశముంటే, ఆ తర్వాతి రోజుల ఖర్చు ఇస్తారా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. కుదరదంటే మాత్రం తేదీ మార్చమని ఆయన్ని ఒత్తిడి చేయకండి.

ఇన్సూరెన్స్ కంపెనీ కాదంటే కారణంతో సహా రాతలో ఇమ్మనండి. వాళ్ల గ్రీవెన్స్ విభాగానికి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విచారించే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, అదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే తీసుకోరు. కమిషన్‌కి వెళ్లాలంటే గడువు రెండేళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీకి రిమైండర్లు రాస్తూ కూర్చుంటే ఆ గడువు పెరగదు, చాలామంది అక్కడే ఓడిపోతున్నారు.

ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ మీద ఇంకా సంతకం పెట్టకపోతే, పాలసీ ముగిసేదాకా మీ కుటుంబాన్ని అందులో ఉంచమని కంపెనీని అడగండి. మనుషుల్ని తగ్గించేటప్పుడు కొన్ని కంపెనీలు ఇలా ఉంచుతాయి. కానీ హెచ్‌ఆర్ లెటర్ ఒక్కటీ చాలదు, ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకున్నట్టు ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు చేసినట్టు ఇచ్చే పత్రం) మీ చేతికి రావాలి. వాళ్లు ఒప్పుకోకపోతే, అమ్మానాన్నల పేరున జీతంలో కట్ చేసిన ప్రీమియంలో మిగిలిన నెలలది తిరిగిమ్మని అదే మెయిల్లో అడగండి. ఈ ఏడాది వాళ్ల మీద క్లెయిమ్ ఉంటే అది రాకపోవచ్చు, లేకపోతే వదులుకోకండి.