నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు

ప్రశ్న: బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని కంప్యూటర్ నేనే బిగించుకున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, 8 జీబీ ర్యాములు రెండు, గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా). క్యాబినెట్ పెద్దది, ఏటీఎక్స్ సైజు. మొదటిసారి బటన్ నొక్కగానే ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఏమీ లేదు. షాపువాళ్లు అన్నీ పట్టుకు రమ్మంటున్నారు. ఏది పోయిందో ఇంట్లోనే తేల్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: తేల్చుకోవచ్చు. బహుశా ఏదీ పోయి ఉండదు కూడా. కొత్తగా బిగించిన కంప్యూటర్ లేవకపోతే ముందు అనుమానించాల్సింది బిగింపునే, భాగాలను కాదు.

మీరు రాసినదాంట్లో పట్టుకోవాల్సింది ఆ ఒక్క కదలిక. ఎస్‌ఎంపీఎస్ లేచింది, ఎక్కడో షార్ట్ కనిపించింది, వెంటనే తనను తాను మూసుకుంది. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ రక్షణ ఒకసారి పడితే గోడ దగ్గర కరెంటు తీసేదాకా విడవదు. అందుకే తర్వాత ఎంత నొక్కినా లాభం లేకపోయింది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టి నొక్కండి. మళ్లీ ఒక్కసారి కదిలి ఆగితే షార్టేనని దాదాపు ఖాయం.

మీ విషయంలో నా మొదటి అనుమానం స్టాండాఫ్‌ల మీద. మదర్‌బోర్డు కింద క్యాబినెట్ రేకుకు బిగించే చిన్న ఇత్తడి కాళ్లు అవి. ఏటీఎక్స్ బోర్డుకు తగ్గట్టు వాటిని ముందే బిగించి ఇస్తారు. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పొట్టిది, రంధ్రాల చోటు కొంత వేరు. రంధ్రం లేని చోట ఒక కాలు మిగిలిపోతే అది బోర్డు వెనక టంకాలకు తగిలి షార్ట్ చేస్తుంది. బోర్డు తీసి, రంధ్రం ఉన్న చోటే కాలు ఉండేలా సరిచూసుకోండి. వెనక పోర్టుల చుట్టూ పెట్టే రేకు పలకకు చిన్న నాలుకలుంటాయి. వాటిలో ఏదైనా యూఎస్‌బీ, లాన్ పోర్టు లోపలికి దూరిందేమో చూడండి. ముందువైపు యూఎస్‌బీ కేబుల్ గుచ్చేచోట పిన్ను వంగి పక్కదానికి తగిలినా ఇదే తంతు.

బోర్డు ఎలాగూ బయటికి వచ్చింది కాబట్టి మళ్లీ లోపల పెట్టే ముందు బయటే నడిపి చూడండి. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. దాన్ని చుట్టి ఇచ్చిన మెరుపు సంచి మీద మాత్రం వద్దు, కొన్ని సంచుల పైపొర కరెంటును పారనిస్తుంది. ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యాము చాలు. ర్యాము ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, టక్‌మనేదాకా నొక్కండి. గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ పక్కన పెట్టండి. 24 పిన్ల కేబుల్, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్ల కేబుల్ గుచ్చి, పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. ఏ రెండో మాన్యువల్ చూసే కలపాలి, ఊహించొద్దు. ఫ్యాను ఆగకుండా తిరిగితే తప్పంతా క్యాబినెట్‌లోదే, లేదా పక్కన పెట్టిన భాగాల్లోది. తర్వాత ఒక్కొక్కటే కలుపుతూ, ప్రతిసారీ ప్లగ్ తీసి పెడుతూ రండి.

బయట కూడా లేవకపోతే కేబుళ్లు చూడండి. కేబుళ్లు విడిగా గుచ్చుకునే మాడ్యులర్ రకంలో 24 పిన్ల కేబుల్ రెండో కొస తరచూ రెండు ముక్కలుగా ఉంటుంది, సాధారణంగా 18, 10 పిన్లు. అందులో ఒకటి సగమే దిగినా అంతా నిశ్శబ్దం. 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌కు, 6+2గా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుకు. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి ఎప్పుడూ వాడకండి. గుచ్చుకుంటాయి కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్ల వరస కంపెనీకో తీరు, బోర్డు కాలిపోవచ్చు.

ఇక మల్టీమీటర్. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల మొన 24 పిన్లలో ఏదైనా నల్ల తీగకు, ఎర్ర మొన ఊదా తీగకు (9వ పిన్ను) వెనకనుంచి తాకించండి. కంప్యూటర్ ఆగి ఉన్నప్పుడు కూడా అక్కడ 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. లేకపోతే 24 పిన్ల కేబుల్ బోర్డు నుంచి పీకి మళ్లీ కొలవండి. ఇప్పుడు వచ్చిందంటే బోర్డులో షార్ట్ ఉన్నట్టు. అప్పటికీ రాకపోతే ఎస్‌ఎంపీఎస్, పవర్ కార్డ్, పీజీ గదిలో వదులైన సాకెట్, వీటిలో ఒకటి. ఊదా తీగ బాగుంటే ఆకుపచ్చ తీగ (16వ పిన్ను) చూడండి. స్విచ్ పిన్నులు కలిపినప్పుడు దాని వోల్టేజీ సున్నా దగ్గరికి పడాలి. పడకపోతే బోర్డు ఆజ్ఞ ఇవ్వడం లేదు. బోర్డు సెట్టింగులను చెరిపే చిన్న మూత, అంటే సీమాస్ క్లియర్ జంపర్, తప్పు చోట ఉండిపోయినా కొన్ని బోర్డులు ఇలాగే మొండికేస్తాయి. ఆకుపచ్చ పడినా 12 వోల్టులు నిలవకపోతే ఎస్‌ఎంపీఎస్ తప్పో, షార్టో. మీ కేబుళ్లన్నీ నల్లవైతే లెక్కపెట్టి సాహసం చేయకుండా ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ కొనుక్కోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉండవచ్చు.

ఒక్కమాట: 5600లో లోపల గ్రాఫిక్స్ లేదు. లేచాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టి, బొమ్మ రాలేదని మళ్లీ ఉత్తరం రాయకండి.

ప్రశ్న: ఏఎం5 (ఏఎండీ ప్రాసెసర్ల సాకెట్ రకం) బోర్డు, డీడీఆర్5 ర్యాములు రెండు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది. అర నిమిషం చూసి ఆపేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, మడివాళ

జవాబు: ఆపేయడమే ఇబ్బంది కావచ్చు. మొదటిసారి లేచినప్పుడు బోర్డు ర్యాముతో వేగం, వోల్టేజీ కుదుర్చుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. పావుగంట వదిలేయండి. అప్పటికీ రాకపోతే బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసిన చిన్న లైట్లలో ఏది వెలిగి ఆగిందో చూడండి. డీర్యామ్ అయితే ఒకే ర్యాముతో మళ్లీ ప్రయత్నించండి.

ప్రశ్న: కంప్యూటర్ బాగానే నడుస్తోంది కానీ క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?
– ఒక పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: ముందు మీ సాకెట్ ఎర్తింగ్ చూపించండి. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును రేకులోకి వదులుతాయి. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే మీ వేలికి తగులుతుంది. ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో కొలిస్తే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు చూపాలి. కొందరు సాకెట్లోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేసి పని అయిపోయిందంటారు. ఒప్పుకోకండి, న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి.