ఉమ్మడి చెరువు: నీటి లెక్క ఎవరు రాయాలి? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: రెండు మూడు స్థానిక సంస్థల మధ్య ఉన్న చెరువు బాగోగులు, అందులోని నీటి నాణ్యత. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా చెరువుకు ఈ గట్టు ఒక పురపాలక సంఘానిది, ఆ గట్టు ఇంకో సంస్థది. ఎగువన మరో రెండు ఊళ్ల వాననీరూ ఇందులోకే వస్తుంది. నీళ్లు పచ్చబడినప్పుడల్లా "అది మా వైపు నుంచి కాదు" అని ఎవరికి వారే తప్పుకుంటున్నారు. పర్యవేక్షణ ఎవరి చేతిలో ఉండాలి?

గట్టు ఎవరిదని కాదు, నేల వాలు ఎటని చూడాలి. ఏ నేల మీద పడిన వాన ఈ చెరువుకు చేరుతుందో ఆ నేలంతా దీని పరీవాహక ప్రాంతమే. అది ఎన్ని సంస్థల పరిధిలో ఉంటే అన్ని సంస్థలూ ఉమ్మడి కమిటీలో ఉండాలి. మీ విషయంలో ఎగువ ఊళ్లు రెండూ అందులో లేకపోతే ఆ కమిటీకి సగం కళ్లు మూసినట్టే.

అమెరికాలో సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సుకు వచ్చిన చిక్కు కూడా ఇదే. చుట్టూ ఉన్న చిన్న పట్టణాలన్నీ శుద్ధి చేసిన మురుగునీటినే అందులోకి వదిలేవి. మామూలు శుద్ధితో చెత్త, దుర్వాసన పోతాయి గానీ భాస్వరం చాలావరకు నీటిలోనే ఉండిపోతుంది. నాచుకు ఎరువు అదే. ఎడ్మండ్‌సన్ అనే జీవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి తీసిన లెక్కలతో ఈ సంగతి చూపించారు. ఒక్క పట్టణం ఆపితే ప్రయోజనం లేదు, అన్నీ కలిసి ఆపాలి. ఉమ్మడి సంస్థ కోసం 1958లో ఓటింగ్ పెడితే మొదటిసారి వీగిపోయింది, అదే ఏడాది రెండోసారి నెగ్గింది. 1963 నుంచి 1968 దాకా మురుగును అంచెలంచెలుగా మళ్లించారు. అరవైల నడుమ సుమారు మీటరు లోతుకే ఆగిపోయిన చూపు డెబ్బైల మొదట్లో 3 మీటర్ల దాకా వెళ్లింది. ఐరోపాలో కాన్‌స్టెన్స్ సరస్సు చుట్టూ ఉన్న దేశాలు 1959లోనే ఉమ్మడి కమిషన్ వేసుకున్నాయి. 1980 ప్రాంతంలో లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటిన భాస్వరాన్ని ఇప్పుడు 10 లోపుకు దించగలిగాయి.

ఒప్పందం రాసుకునేటప్పుడు తప్పనిసరిగా ఉండాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. శాంపిళ్ల లెక్కంతా ఒకే సంస్థ దగ్గర ఉండాలి. మురుగు వదిలే సంస్థ మనుషులే శాంపిల్ తీయకూడదు. ఏ అంకె దాటితే, ఎన్ని రోజుల్లోపల, ఎవరు, ఏ పని చేయాలో ముందే రాసి ఉండాలి. "తగిన చర్యలు తీసుకోవాలి" అనే వాక్యం ఎవరి చేతా ఏ పనీ చేయించదు. ఇక ఖర్చు. గట్టు పొడవును బట్టి పంచుకోవడం తేలికే గానీ న్యాయం కాదు. ఎవరి వైపు నుంచి ఎంత భాస్వరం వస్తోందో ఆ నిష్పత్తిలో పంచుకుంటే, తగ్గించుకున్నవాళ్లకు ఖర్చూ తగ్గుతుంది. ఆ కొలతలు చేతికొచ్చేదాకా పరీవాహక విస్తీర్ణాన్ని బట్టి పంచుకోవచ్చు.

ప్రశ్న: నెలవారీ రిపోర్టులో నీటిలో ఆక్సిజన్ లీటరుకు 11 మిల్లీగ్రాములని ఉంది. అది చాలా మంచి అంకె అన్నారు. ఆ వారంలోనే తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలాయి. రిపోర్టు అబద్ధమా?

నిజమే అయ్యుండొచ్చు. శాంపిల్ ఎన్ని గంటలకు తీశారో చూడండి. మధ్యాహ్నం మూడు గంటలకని ఉంటే విషయం తెలిసిపోయినట్టే.

30 డిగ్రీల నీటిలో గాలి నుంచి కరిగి నిలిచే ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములు. 11 ఉందంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. అదనంగా ఉన్నదంతా ఎండలో నాచు తయారు చేసింది. అంటే ఆ "మంచి అంకె" చెప్పేది చెరువు నిండా నాచు ఉందనే. పొద్దు గుంకాక అదే నాచు ఆక్సిజన్ తయారీ ఆపేస్తుంది, పీల్చడం మాత్రం ఆపదు. అడుగు బురదలోని సూక్ష్మజీవులూ పీలుస్తుంటాయి. రాత్రంతా పడిపోతూ వచ్చి, సూర్యోదయానికి కాస్త ముందు మట్టం అడుగంటుతుంది. 5 కంటే తగ్గితే చాలా చేపలు ఇబ్బంది పడతాయి, 2 లోపుకు వెళ్తే చావులు మొదలవుతాయి. రెండు మూడు రోజులు ముసురు పట్టినా, నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లినా ప్రమాదం ఇంకా ఎక్కువ.

కాబట్టి సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవమని అడగండి. రెండు అంకెల మధ్య తేడా ఎంత పెద్దదైతే చెరువు అంత జబ్బుగా ఉన్నట్టు. పైన ఒక్క చోట కాకుండా అర మీటరుకు ఒకటి చొప్పున అడుగుదాకా కొలవాలి.

మీటరు లేకపోతే 1888 నాటి వింక్లర్ పద్ధతి ఇప్పటికీ నమ్మదగ్గదే. మూత బిగించినప్పుడు సీసాలో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ ద్రావణాలను చెరువు గట్టునే కలపాలి, ల్యాబ్‌కు వెళ్లాక కాదు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది. తెల్లటి మడ్డి కట్టిందంటే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టే. చదువుకోనివాళ్లకు కూడా అర్థమయ్యే పరీక్ష ఇది. గట్టు మీద నలుగురి ముందు చేసి చూపిస్తే మంచిది.

ప్రశ్న: డబ్బు తక్కువ. ఏ పరీక్షలు, ఎక్కడ, ఎన్నాళ్లకోసారి చేయించాలి?

ఇరవై రకాల పరీక్షలు ఏడాదికోసారి చేయించే బదులు, ఐదు పరీక్షలు నెలనెలా అదే చోట, అదే పద్ధతిలో చేయించండి. పారదర్శకత, లోతు వారీగా ఆక్సిజన్ - ఉష్ణోగ్రత, మొత్తం భాస్వరం, క్లోరోఫిల్ (నాచు ఎంతుందో చెప్పే పచ్చరంగు పదార్థం), ఈ.కోలై (మలం కలిసిందని చెప్పే సూక్ష్మజీవి). లోతైన చోట ఒకటి, నీరొచ్చే ప్రతి కాలువ నోటి దగ్గర ఒకటి, అలుగు దగ్గర ఒకటి. జనం నీళ్లలో దిగే చోటు ఉంటే అక్కడ ఈ.కోలై వారానికోసారి. కాలువల దగ్గర మాత్రం నెలవారీ శాంపిల్ చాలదు. పొడికాలం తర్వాత కురిసే మొదటి పెద్దవానకు, మొదటి గంటలో వచ్చే నీటినీ పట్టాలి. వీధుల మీద పేరుకున్నదంతా అందులోనే కొట్టుకొస్తుంది.

పారదర్శకతకు సెచ్చి బిళ్ల చాలు. 20 సెంటీమీటర్ల వ్యాసం, నలుపు తెలుపు పావులు, అడుగున బరువు, గుర్తులు పెట్టిన తాడు. సెచ్చి అనే ఇటలీ మతాచార్యుడు 1865లో సముద్రంలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పడవ నీడ పడే వైపు, పది నుంచి మూడు గంటల లోపు, చలువ అద్దాలు తీసేసి దించాలి. కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు, రెండింటి సగటు రాయాలి. సాగే నైలాన్ తాడు వాడితే ఏటికేడు అంకె తప్పుతూ పోతుంది, టేపుతో సరిచూసుకోండి.

భాస్వరం సీసాను మామూలు సబ్బుపొడితో కడిగితే ఆ పొడిలోని భాస్వరమే రిపోర్టులోకి వస్తుంది. పలుచటి ఆమ్లంతో కడిగిన సీసాయే వాడాలి. క్లోరోఫిల్ శాంపిల్ వెలుతురు తగలని సీసాలో, మంచులో ఉండాలి. ఈ.కోలైకి స్టెరిలైజ్ చేసిన సీసాను నీటి కింద సుమారు 30 సెంటీమీటర్ల లోతున, మూతి మీ చేతికి ఎదురుదిశలో ఉండేలా నింపి, చల్లగా ఉంచి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. పొద్దున తీసిన సీసా సాయంత్రం దాకా కారు డిక్కీలో ఎండకు ఉడికితే ఆ అంకెను నమ్మలేం.

ల్యాబ్‌ను సరిచూసుకోవడానికి ప్రతి పది శాంపిళ్లలో ఒకదాన్ని రెండు సీసాల్లో పట్టి, రెండోదానికి పేరు మార్చి పంపండి. దాంతోపాటు స్వేదనజలం నింపిన సీసా ఒకటి. జంట అంకెలు కలవకపోయినా, స్వేదనజలంలో భాస్వరం కనబడినా ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాలి. మా దృష్టిలో కమిటీ డబ్బు ఆదా చేయకూడని చోటు ఇదొక్కటే.

ప్రశ్న: ఒక చిన్న మురుగు కాలువ చెరువులో కలుస్తోంది. "జానెడు కాలువ, అంత చెరువుకు అదెంత?" అని ఇంజనీరు గారు కొట్టిపారేశారు. నిజంగా అంత తక్కువా?

అదెంతో లెక్క వేద్దాం. కాలువకు అడ్డంగా 90 డిగ్రీల "వి" ఆకారపు గాటు పెట్టిన రేకు దించండి. పక్కల నుంచి, కింద నుంచి నీరు కారకుండా బంకమట్టితో బిగించాలి. గాటు అడుగు నుంచి నీటి మట్టం ఎత్తును రేకు దగ్గర కాకుండా కాస్త ఎగువన కొలవాలి, రేకు దగ్గర నీరు వంగి కిందికి దిగిపోతుంది కాబట్టి. ఆ ఎత్తు 10 సెంటీమీటర్లయితే ప్రవాహం సెకనుకు సుమారు 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపై 20 సెంటీమీటర్లయితే ప్రవాహం రెట్టింపు కాదు, ఐదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది.

ఆ నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల భాస్వరం ఉందనుకుందాం. పలచబడిన మురుగుకు ఇది పెద్ద అంకేం కాదు. రోజుకు 760 గ్రాములు, ఏడాదికి సుమారు 277 కిలోలు. మీ చెరువు 20 హెక్టార్లు, సగటు లోతు 2 మీటర్లయితే అందులో పట్టేది 4 లక్షల ఘనపు మీటర్లు. రోజుకు లీటరుకు దాదాపు 2 మైక్రోగ్రాముల చొప్పున చేరుతున్నట్టు. సగటు 35 మైక్రోగ్రాములు దాటిన సరస్సును పోషకాలు ముదిరిన సరస్సుగా లెక్కిస్తారు. కొంత అడుగుకు దిగుతుంది, కొంత అలుగు మీద పోతుంది, అయినా ఆ జానెడు కాలువ ఒక్కటే మూడు వారాల్లోపు ఆ గీత దాటించగలదు. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి ఇంజనీరు గారికి ఇవ్వండి.

ప్రశ్న: నాచు చావడానికి మైలుతుత్తం చల్లిస్తామంటున్నారు. ఫౌంటెన్లు కూడా పెడతారట.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం)తో నాచు చస్తుంది. చచ్చిన నాచు కుళ్లి ఆక్సిజన్ తాగేస్తుంది, భాస్వరం మళ్లీ నీటిలోకి వస్తుంది, రాగి బురదలో పేరుకుంటుంది. విషం తయారుచేసే నీలిఆకుపచ్చ రకమైతే కణాలు పగిలి ఆ విషమంతా ఒక్కసారిగా నీటిలో కలుస్తుంది. 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు నీళ్లు తాగే టొలీడో నగరంలో ఈ విషం కుళాయి నీటి దాకా వచ్చి, నాలుగు లక్షల మందికి పైగా ఆ నీళ్లు తాగవద్దని చెప్పాల్సి వచ్చింది. కాచినా ఆ విషం పోదు. తాగునీటి చెరువైతే ఈ మందు ఒద్దనే మా మాట. ఫౌంటెన్ పై నీటినే ఎగజిమ్ముతుంది, ఆక్సిజన్ కరువున్నది అడుగున. అలంకారానికి పెట్టుకోవచ్చు గానీ నీటి నాణ్యత పద్దు కింద ఖర్చు రాయకూడదు.

ప్రశ్న: మురుగు మళ్లించి నాలుగేళ్లయింది, ఇంకా పచ్చగానే ఉంది. ఇప్పుడు పూడిక తీయిస్తున్నారు. మేం ఏం గమనించాలి?

అడుగు బురదలో ఇనుముకు అంటుకుని ఉన్న భాస్వరం, ఆక్సిజన్ లేనప్పుడు విడిపోయి పైకొస్తుంది. అందుకే కాలువ మూసినా ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది. స్వీడన్‌లోని ట్రుమెన్ సరస్సుకు యాభైల చివర్లోనే మురుగు ఆపినా కోలుకోలేదు. 1970, 71లలో పై బురద మీటరు మందాన తీశాకే తేరుకుంది. కాబట్టి పూడికతీత సరైన పనే కావచ్చు. అయితే ముందు బురద పొరపొరకూ భాస్వరం ఎంతో పరీక్ష చేయించి, ఎంత మందం తీయాలో తేల్చుకోవాలి. పాత నేలమట్టం కంటే లోతుకు తవ్వితే నీరు నిలిపే బంకమట్టి పొర తెగి చెరువు ఇంకిపోవచ్చు.

బిల్లు లారీ ట్రిప్పుల మీద వేస్తే తడి బురదలోని నీళ్లకు కూడా డబ్బు కట్టినట్టే. ముందూ తర్వాతా ఒకే గడుల్లో లోతు కొలిచి, తేడాను ఘనపు మీటర్లలో లెక్కగట్టాలి. ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది: లోతును నీటిమట్టం నుంచి కొలుస్తారు. మొదటి కొలతకూ రెండో కొలతకూ మధ్య వానలు పడి మట్టం 20 సెంటీమీటర్లు పెరిగితే, 20 హెక్టార్ల చెరువులో పార పట్టకుండానే 40,000 ఘనపు మీటర్లు తీసినట్టు కాగితం మీద వస్తుంది. అలుగు రాతి మీద చెరగని గుర్తు పెట్టి, కొలతలన్నీ దాని నుంచే లెక్కించమనండి. తీసిన బురదను గట్టునే పోస్తే మొదటి వానకే తిరిగి చెరువులో ఉంటుంది. గుర్రపుడెక్క తీసి గట్టున కుప్ప పోసినా అంతే.

ప్రశ్న: రిపోర్టులో భాస్వరం దగ్గర "కనబడలేదు" అని రాశారు. సంతోషించవచ్చా?

ల్యాబ్ పద్ధతి పట్టగలిగే కనీస అంకె ఎంతో అడగండి. అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము అయితే, "కనబడలేదు" అంటే 99 మైక్రోగ్రాములు కూడా ఉండొచ్చని అర్థం. పైన చెప్పిన 35 గీతకు అది దాదాపు మూడు రెట్లు. 5 మైక్రోగ్రాముల దాకా పట్టే పద్ధతి కావాలని టెండరులోనే రాయించండి. ప్రతి అంకె పక్కనా తేదీ, గంట, లోతు, పద్ధతి, ఈ కనీస అంకె ఉండాలని కూడా అందులోనే చేర్చండి.