అనిత ఏమైందో చెప్పకుండానే నవల అయిపోతే ఎలా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మా పెద్దమ్మ కూతురు చదివి తీరాల్సిందే అని ఒకటే చెప్తుంటే వివేక్ శానభాగ్ గారి ‘ఘాచర్ ఘోచర్’ తెప్పించుకుని చదివాను, కన్నడ నవలకి శ్రీనాథ్ పేరూర్ గారు చేసిన ఇంగ్లీష్ అనువాదం. వంద పేజీలు కొంచెం దాటుతుందంతే, ఒక్క పూటలో అయిపోయింది. బెంగళూరులో మసాలా వ్యాపారం చేసే కుటుంబం, ఒకప్పుడు లేనివాళ్లు ఇప్పుడు డబ్బొచ్చింది, ఇక అత్తా ఆడపడుచూ ఒకవైపు కోడలు ఒకవైపు. ఇవన్నీ రోజూ సీరియల్స్‌లో చూసేవే కదండీ. హీరో ఏ పనీ చెయ్యడు, ఎవర్నీ ఒక్క మాట అనడు, కాఫీ హౌస్‌లో కూర్చుంటాడు. చివర్లో కోడలు అనిత హైదరాబాద్ పుట్టింటికి వెళ్తుంది, ఇక ఏమైందో చెప్పరు, పుస్తకం అయిపోతుంది! పేజీలేమైనా ఊడిపోయాయేమో అని వెనక్కి తిప్పి చూశాను. రియలిస్టిక్ నవల అంటే ఇంతేనా? నాకే అర్థం కాలేదా, లేక అందులో నిజంగానే ఏమీ లేదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీకు అర్థం కాలేదని నేననుకోనండీ. మీకు కోపం వచ్చింది, రావాల్సిందే కూడా, కాకపోతే ఆ కోపం పుస్తకం మీదకి పోయింది, నన్నడిగితే అది కథ చెప్తున్న అబ్బాయి మీదకి పోవాలి. (ఇంకా చదవనివాళ్లు ఇక్కడితో ఆపేయండి, కథంతా చెప్పేస్తున్నాను.)

ఆ అబ్బాయికి పుస్తకం మొత్తంలో పేరు కూడా ఉండదు. సోనా మసాలాలో పేరుకి డైరెక్టర్, నెలనెలా జీతం అకౌంట్‌లో పడిపోతుంది, కష్టం మాత్రం చిక్కప్పది, అంటే బాబాయిది. ఆయన సంపాదన మీద ఇల్లు నడుస్తోంది కాబట్టి ఆయన ఎప్పుడు లేస్తే అప్పుడు టీ, ఎప్పుడు కూర్చుంటే అప్పుడు భోజనం, ఆయన మనసు నొచ్చుకోకుండా ఇంటిల్లిపాదీ చూసుకుంటారు. అలా చేస్తున్నాం అని ఎవరూ నోరు తెరిచి అనరు. అబ్బాయి కూడా అనడు, ఎందుకంటే అని ఒప్పుకుంటే తను కూర్చుని తింటున్నదేంటో కూడా ఒప్పుకోవాలి. ఏమీ జరగట్లేదని మీకనిపించింది అందుకే. జరిగేవి చాలానే జరుగుతాయి, అతనే వాటిని ఏదో మామూలు సంగతుల్లా చెప్పేసి ముందుకెళ్లిపోతాడు.

ఒకావిడ చిక్కప్పని వెతుక్కుంటూ ఇంటికొస్తుంది, గుర్తుందా? ఆయనకిష్టమని మసూర్ పప్పు కూర వండి తెచ్చింది పాపం. అమ్మా, ఆడపడుచు మాలతీ కలిసి ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి తరిమేస్తారు, చిక్కప్ప బయటికే రాడు. అది తప్పు అన్నది ఆ ఇంట్లో ఒక్క అనితే. మొగుడు నోరెత్తడు. నేనైతే నవల నడుం అక్కడే ఉందంటాను. ఆ రోజు నుంచే అనిత వాళ్లకి మనిషి కాకుండా పోయింది, తలనొప్పి అయింది. మాలతి నగల సంగతి కూడా చూడండి, అత్తారింటి నుంచి వాటిని తెచ్చుకోవడానికి చిక్కప్ప మనుషుల్ని వెంటేసుకుని వెళ్తుంది, అంటే ఈయనకి అలాంటి మనుషులు ఉన్నారని మనకి ముందే తెలుసు. తర్వాత అనిత ఊరెళ్లాక ఇంటివాళ్లంతా తీరిగ్గా టీ తాగుతూ హత్యల గురించి కబుర్లు చెప్పుకుంటారు, ఎవరూ ఎవరి పేరూ ఎత్తరు. చిట్టచివర కాఫీ హౌస్ వెయిటర్ విన్సెంట్, సార్ చేతికి రక్తం అంటింది కడుక్కోండి అంటాడు. ఇవన్నీ ఒక వరసలో పెట్టి చూడండి, అనిత ఏమై ఉంటుందో రచయిత ఇంకెలా చెప్పాలి? ఖాయంగా చెప్పలేదు నిజమే, ఆ అబ్బాయికీ ఖాయంగా తెలీదు, తెలుసుకోవాలని లేచి వెళ్లడం లేదు కూడా. లోపల ఎక్కడో తెలిసిపోయిందేమోనన్న భయం మాత్రం ఉంది, ఆ భయం దగ్గరే రచయిత మనల్ని వదిలేశాడు. నాకది చాలా గొప్పగా అనిపించింది.

సీరియల్‌తో పోల్చారు కదా, అక్కడ మాత్రం మీతో ఒప్పుకోలేను. సీరియల్‌లో చెడ్డ అత్త మొదటి ఎపిసోడ్ నుంచీ చెడ్డదే. ఇక్కడ ఈ అమ్మ, అప్ప (అంటే నాన్న), చిక్కప్ప, మాలతి పాత ఇంట్లో ఉన్నప్పుడు ఎంత ప్రేమగా ఉంటారో చూడండి. వరసగా నాలుగు చిన్న గదులు, అప్పకి టీ పొడి అమ్మే సేల్స్‌మన్ ఉద్యోగం, ఒక రాత్రి ఆయన లెక్క తేలకపోతే అందరూ కలిసి కూర్చుని కాగితాలు ముందేసుకుంటారు. నాకు వాళ్లు ఎంతో నచ్చారక్కడ. అదే ఇంట్లో చీమలు వస్తే అందరూ ఏకమై చంపుతుంటారు, అమ్మయితే మరీ పంతంగా. అప్పుడు వాళ్లని నిలబెట్టిన ఐకమత్యమే డబ్బొచ్చాక బయటినుంచి వచ్చిన ఆడపిల్లని బతకనివ్వలేదు. మంచి కుటుంబం చెడ్డదైపోయిందని కాదు, అదే కట్టు, అదే ప్రేమ. మన ఉమ్మడి కుటుంబాల గురించి ఇంత నిక్కచ్చిగా, అరవకుండా చెప్పిన పుస్తకాలు నేను తక్కువే చదివాను, 2015లో ఈ అనువాదం వచ్చాక ఇంత పేరు రావడం న్యాయమే.

అయితే మీ అసంతృప్తిలో ఒక ముక్క నాకూ ఉంది. అనిత మనకి సరిగ్గా దొరకదు. నువ్వు కష్టపడి సంపాదించింది ఏదీ అని మొగుణ్ణి నిలదీసినప్పుడు కూడా అతను చెప్పినంతే మనకి తెలుస్తుంది, హైదరాబాద్‌లో పెరిగిన ఆ పిల్ల ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంది, ఒంటరిగా గదిలో ఏమనుకునేది, ఆమె వైపు నుంచి ఇంకొన్ని పేజీలు ఉంటే బాగుండేదని చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది. కథ చెప్పేది అతనే కాబట్టి కుదరదు అనొచ్చు, సరే, కానీ వెలితి వెలితే. ఇది లోటు అంటే నేను మీ పక్షానే ఉంటాను.

మొత్తం మళ్లీ చదవక్కర్లేదు, చీమల భాగం, మసూర్ పప్పు భాగం ఈ రెండూ చదివి వెంటనే ఆఖరి భాగం చదవండి. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, వేస్తాను.

ప్రశ్న: చేతకాని మనిషి హీరోగా తెలుగులో మంచి నవల ఒకటి చెప్పండి మేడమ్.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రావిశాస్త్రి ‘అల్పజీవి’. అందులో గుమాస్తా సుబ్బయ్య అందరికీ భయపడతాడు, ఆ భయం లోపల్నించి ఎలా పాకుతుందో వాక్యం వాక్యంలో వినిపిస్తుంది. పై కన్నడ నవలలో అబ్బాయి తన పిరికితనాన్ని దాచేస్తాడు, సుబ్బయ్య దాచలేడు, అందుకే అతని మీద మనకి జాలి పుడుతుంది. రెండూ వెంటవెంటనే చదవగలిగితే ఇంకా మంచిది.