పక్షుల సంఘంలో పదవి ఇస్తామంటున్నారు, మా అమ్మాయిని తీసుకోమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ జువాలజీ మేజర్ రెండో ఏడాది చదువుతోంది. ఏడాదిగా ఆదివారాలు ఒక ప్రకృతి అధ్యయన సంఘంతో కలిసి చెరువుల దగ్గర పక్షుల లెక్కలకు వెళ్తోంది. ఇప్పుడు వాళ్లు కార్యవర్గంలోకి రమ్మంటున్నారు. సంయుక్త కార్యదర్శి, కోశాధికారి పదవులు ఖాళీగా ఉన్నాయట, ఏదో ఒకటి తీసుకోమన్నారు. జీతం ఉండదు. దీనివల్ల రేపు ఉద్యోగానికి ఉపయోగం ఉంటుందా? చదువు దెబ్బతింటుందా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రెండిట్లో సంయుక్త కార్యదర్శి పదవి తీసుకోమనండి. కోశాధికారి పదవి ఇప్పుడే వద్దు. కావాలంటే లెక్కలు రాయడంలో సాయం చేయవచ్చు గానీ, చెక్కు మీద సంతకం మాత్రం వేరేవాళ్లదే ఉండాలి.

ముందు ఉపయోగం సంగతి చూద్దాం. ఇంటర్వ్యూ లేకుండా రాతపరీక్షతోనే భర్తీ అయ్యే అటవీశాఖ ఉద్యోగాలకు సంఘం ఇచ్చే సర్టిఫికెట్ వల్ల ఒక్క మార్కూ కలవదు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌లో కథ కొంచెం వేరు. అక్కడ రాతపరీక్ష 1400 మార్కులైతే ఇంటర్వ్యూ 300. మీరు నింపిన దరఖాస్తు చూసే ప్రశ్నలు వేస్తారు కాబట్టి, చేసిన పని గురించి సూటిగా మాట్లాడగలిగితే లాభం. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉన్న వన్యప్రాణి శాస్త్ర ఎమ్మెస్సీలకు సీట్లు బాగా తక్కువ, ఎంపికలో ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఆ గదిలో ‘పక్షులంటే ఇష్టం’ అనేవాళ్లు చాలామందే కూర్చుంటారు. అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు అసిస్టెంటు ఉద్యోగాలకు. పక్షిని గుర్తుపట్టేవాళ్లు అక్కడ కోకొల్లలు. డివిజనల్ అటవీ అధికారికి (డీఎఫ్‌ఓ) అనుమతి ఉత్తరం రాసి, పొద్దున్నే ఆరింటికి ముప్పై మందిని చెరువు గట్టు మీదికి చేర్చి, సాయంత్రానికి ఖర్చు లెక్క అప్పజెప్పేవాళ్లకే కరువు. 1883లో ఎనిమిది మంది కలిసి పెట్టుకున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీని తొలినాళ్లలో గౌరవ కార్యదర్శిగా నడిపిన ఫిప్సన్ వృత్తిరీత్యా వైన్ వ్యాపారి. సంఘం నడపడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య.

ఇక సంయుక్త కార్యదర్శి చేసే పని. పేరు పెద్దదే గానీ, సగం పని మినిట్స్, అంటే సమావేశంలో తేల్చిన విషయాల నమోదు, రాయడమే. సమావేశం తేదీ, చోటు, హాజరైనవాళ్లు, కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ఉందో లేదో, గత మినిట్స్ ఆమోదం, ఒక్కో తీర్మానం ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఆ పని ఎవరు ఏ తేదీలోపు చేయాలి. అంతే. ఎవరు ఏం వాదించారో రాయక్కర్లేదు. రెండు రోజుల్లోపు రాసి పంపేయాలి, వారం దాటితే ఎవరి జ్ఞాపకం వాళ్లది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదైన సంఘమైతే, సర్వసభ్య సమావేశం తర్వాత కార్యవర్గం జాబితాను ఏటా జిల్లా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. చిన్న సంఘాలు ఎక్కువగా వదిలేసేది ఈ కాగితమే. దాని దెబ్బ బ్యాంకులో తెలుస్తుంది. పాత కోశాధికారి ఉద్యోగం వచ్చి ఊరు వదిలి వెళ్తారు, కొత్తవాళ్ల సంతకం చేర్చాలంటే బ్యాంకు తీర్మానం నకలు, కార్యవర్గం జాబితా అడుగుతుంది. రెండూ ఉండవు. ఖాతాలో డబ్బుంటుంది, తీయడానికి వీలుండదు. కాబట్టి పదవి మారిన సమావేశంలోనే ‘ఫలానావారి సంతకం తొలగించి ఫలానావారిది చేర్చాలి’ అని తీర్మానం రాయించడం ఆమె మొదటి పని అనుకోండి.

రెండో సగం, ఆదివారం యాత్రలు. ఉప్పలపాడు లాంటి దగ్గరి చోటుకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. కొల్లేరు, నేలపట్టు, పులికాట్ అభయారణ్యాలు కాబట్టి గుంపుగా వెళ్లేముందు అటవీశాఖకు రాసి, జవాబు చేతికొచ్చాకే తేదీ ప్రకటించాలి. డబ్బు పోయేది బస్సు దగ్గర. అద్దె ₹12,000 అనుకుందాం, ముప్పై మంది వస్తామన్నారు, తలకు ₹400. తీరా వచ్చింది పద్దెనిమిది మంది. వసూలైంది ₹7,200, మిగతా ₹4,800 సంఘం నెత్తిన. అందుకే ముందే డబ్బు కట్టినవాళ్ల పేరే జాబితాలో ఉండాలి, యాత్రకు రెండు రోజుల ముందు గడువు దాటాక రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వమని ప్రకటనలోనే రాయాలి. ప్రతి ఒక్కరి ఇంటి ఫోన్ నంబరు, ఏవైనా అలర్జీలుంటే ఆ వివరం రాసుకోవాలి. పిల్లలు వస్తే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. అరువిచ్చే బైనాక్యులర్లకు ఒక రిజిస్టరు పెట్టి, వానాకాలంలో వాటిని సిలికా జెల్ పొట్లాలతో మూతబిగువు డబ్బాలో ఉంచాలి. గుడ్డ సంచిలో వదిలేస్తే లెన్సు లోపల బూజు పడుతుంది, దాన్ని తీయించే ఖర్చుకు చాలాసార్లు కొత్తదే వస్తుంది.

లెక్కల నమోదు కూడా ఆమె చేతికి రావచ్చు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటాయి. సెమిస్టర్ పరీక్షల తేదీలు వాటికి అడ్డొస్తాయేమో ముందే చూసుకోవాలి. చూసిన పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, కలిసి నడిచిన ఇరవై మందీ ఎవరికి వాళ్లు జాబితా పెట్టేయడం. ఒక్కరు పెట్టి మిగతావాళ్లకు షేర్ చేయాలి, లేకపోతే ఒకే గుంపు పెలికాన్లు ఇరవై వేర్వేరు లెక్కలై కూర్చుంటాయి. మొదలుపెట్టిన సమయం, పట్టిన వ్యవధి, నడిచిన దూరం లేని జాబితా విశ్లేషణకు పెద్దగా పనికిరాదు. గూడు ఉన్న చోటు మాత్రం వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు, మర్నాటికి కెమెరాలు దిగుతాయి. చూసిన జీవుల ఫొటోలు, చోటు నమోదు చేసే ఐనేచురలిస్ట్‌లో ‘అబ్‌స్క్యూర్డ్’ ఎంచుకుంటే అసలు చోటు దాచి, సుమారు 22 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది.

కోశాధికారి పదవి ఎందుకు వద్దన్నామంటే, పని కష్టమని కాదు. నగదు పుస్తకం రాయడం, ఓచర్లు వరసలో పెట్టడం, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం నెలకు రెండు మూడు గంటల్లో తేలిపోతాయి. చిక్కంతా విరాళాల్లో ఉంది. దాతలకు పన్ను మినహాయింపు (అందరూ 80జీ అని పిలిచేది) వచ్చే సంఘంలో, సభ్యత్వ రుసుముకు, బస్సు చార్జీకి కూడా విరాళం రసీదు ఇచ్చేస్తుంటారు. అది తప్పు. వాటికి ప్రతిఫలం ఉంది, అవి విరాళాలు కావు, వేరే రసీదు పుస్తకం ఉండాలి. ₹2,000 దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు. దాతల పాన్ వివరాలతో ఏటా మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు పట్టిక పంపాలి, ఆలస్యమైతే రోజు లెక్కన రుసుము పడుతుంది. పైగా 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారాయి. పాత కోశాధికారి వదిలిన నోట్సు చూసి నింపితే పొరబడతారు, ఆడిటర్‌ని అడిగే చేయాలి.

ఇంకొకటి, మన ఇళ్లలో మామూలుగా జరిగేది. అమెరికాలో ఉన్న బాబాయి సంఘానికి కొంత పంపిస్తానంటారు. ఆయన ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉండి, తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి లేని సంఘం వెయ్యి రూపాయలు కూడా తీసుకోకూడదు. పంతొమ్మిదేళ్ల పిల్ల సంతకంతో ఇలాంటి డబ్బు ఖాతాలో పడితే రేపు సమాధానం చెప్పుకోవాల్సింది ఆమే.

మరో ప్రమాదం ఉత్సాహం వల్ల వచ్చేది. కార్యవర్గంలో ఉందని తెలిశాక పాము దూరిందని, గుడ్లగూబ పిల్ల దొరికిందని ఇంటికి ఫోన్లు వస్తాయి. పామును పట్టడం, గుడ్లు తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వేట కిందికే వస్తాయి. అటవీశాఖ అనుమతి, శిక్షణ ఉన్నవాళ్ల నంబర్లు ఫోన్‌లో పెట్టుకుని అక్కడికి పంపడమే ఆమె పని. ఇంటికి తెచ్చుకుని పెంచడం కాదు.

చేరేముందు సంఘం నిబంధనావళి, గత రెండేళ్ల ఆడిట్ నివేదికలు, చివరి సర్వసభ్య సమావేశం మినిట్స్ అడగమనండి. ఇవ్వడానికి వెనకాడితే పదవి వద్దని, మామూలు సభ్యురాలిగానే ఆదివారాలు వెళ్లమనండి. ఇస్తే, ఒక ఏడాదికే ఒప్పుకుంటానని, సెమిస్టర్ పరీక్షలకు ముందు మూడు వారాలు అందుబాటులో ఉండనని మొదటి సమావేశంలోనే చెప్పి మినిట్స్‌లో రాయించాలి. నెలకు ఎనిమిది గంటలు దాటుతోందంటే వేరేవాళ్ల పనులు కూడా ఆమె మీదే పడుతున్నాయన్నమాట. మార్కులు తగ్గితే ఎమ్మెస్సీ దరఖాస్తు గడప దాటదు, అక్కడ సంఘం ఉత్తరం ఆదుకోదు.

ఏడాది చివర ‘ఉత్సాహంగా పాల్గొన్నారు’ అని రాసిచ్చే సర్టిఫికెట్ తీసుకుని లాభం లేదు. ఎన్ని యాత్రలు, ఎంతమంది, ఎన్ని జాబితాలు, ఏ గణనకు ఏ చెరువుల లెక్క తను సమన్వయం చేసింది, ఇవి అంకెలతో ఉన్న ఉత్తరం అధ్యక్షుల సంతకంతో తీసుకోవాలి. ఆ ముసాయిదా ఆమే రాసి ఇస్తే త్వరగా వస్తుంది. అంకెలు గుర్తుండాలంటే ప్రతి యాత్ర అయిన రాత్రే ఒక వరుస రాసిపెట్టుకోవాలి. సంఘం ఈమెయిల్ పాస్‌వర్డులు, రిజిస్టర్లు తర్వాతివారికి అప్పగించినట్టు సంతకం తీసుకున్నాకే ఆ ఉత్తరం అడగాలి.