ఆ మాట నాన్నగారితో నువ్వే చెప్పు

ఉత్తరం సారాంశం: గుంటూరు యువకుడు, ఇరవై రెండేళ్ళు. బీటెక్ పూర్తయింది, ఉద్యోగానికి పిలుపూ వచ్చింది. తండ్రికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. కెనడా దర్శకుడు గ్జావియే డోలాన్ తీసిన ‘ఐ కిల్డ్ మై మదర్’ చూసినప్పటి నుంచి ఇతనికి మనసు మనసులో లేదు. ఇంటర్‌కు విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో పడేసి తల్లి తన రెండేళ్ళు నాశనం చేసిందని కోపం. ఆ కోపాన్నే సినిమాగా తీయాలని కోరిక. ఖర్చులకు ఆమె గాజులు తాకట్టు పెట్టమంటే ‘మీ నాన్నను అడుగు’ అందట. అప్పటి నుంచి ఆమెతో మాటల్లేవు. అతని ప్రశ్నలు రెండు: ‘డోలాన్ పదహారేళ్ళకే ఆ కథ రాసి, ఇరవయ్యో ఏట కాన్స్ చలనచిత్రోత్సవంలో చూపించాడు. నాకు ఆలస్యమైపోయిందా? అమ్మను ఒప్పించడం ఎలా?’

బాబూ, నా చిన్నకొడుకు వయసువాడివి, నువ్వు అనే అంటాను.

వయసు సంగతి వదిలెయ్. ఇరవై రెండేళ్ళకే పొద్దు వాలిపోయిందని బాధపడేవాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇక అమ్మను ఒప్పించడం. నువ్వు ఒప్పించవలసిన మనిషి ఆమె అయితే కదా, ఎలాగో చెప్పడానికి?

నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది వేరే సంగతి. దాన్ని నువ్వు అమ్మ మీద ఫిర్యాదుగా రాశావు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూపించావు. ఫ్రెంచి మాటలకు కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే తెలుగులో చెబుతూ పోయావు. సగంలో ఆమె ‘ఆ అబ్బాయికి నాన్న లేడా?’ అని అడిగి, ఎసరు పెట్టాలని లేచి వెళ్ళిపోయింది. ‘అంత గొప్ప సినిమా చూసి మా అమ్మ అడిగిన ప్రశ్న ఇదండీ!’ అని వాపోయావు.

నాయనా, ఆ సినిమా గురించి అడగవలసిన ప్రశ్న ఆమే అడిగింది. నువ్వు అడగలేదు.

నేనూ ఆ సినిమా చూశాను. నీ మెప్పులో అతిశయోక్తి లేదు. తల్లి తింటుంటే మూతికి అంటిన తిండిని చూసి రోత పడే కొడుకును, బళ్ళో టీచరు దగ్గర ‘మా అమ్మ చచ్చిపోయింది’ అని అబద్ధమాడే కొడుకును డోలాన్ తానే నటించి చూపించాడు. తనను మంచివాడిగా చూపించుకోవాలన్న తాపత్రయం ఎక్కడా లేదు. ఆ వయసులో అంత నిజాయితీ అరుదు. కొడుకు మరో కుర్రాడిని ప్రేమిస్తున్నాడన్న సంగతి తల్లికి పరాయి మనిషి నోటి నుంచి తెలిసినప్పుడు ఆమె ముఖం చూశావా? తల్లి వేషం వేసిన ఆన్ దొర్వాల్ ఒక్క మాట లేకుండా చేసింది. నువ్వు సినిమా తీయబోతున్నావని మీ అమ్మకు తెలిసింది కూడా మీ పిన్ని చెబితేనే కదా.

ఇప్పుడు తండ్రి దగ్గరికి వద్దాం. ఆ కథలో తల్లిదండ్రులు ఎప్పుడో విడిపోయారు. పెంచేది తల్లి ఒక్కతే. ఉన్నట్టుండి తండ్రి ఇంటికి పిలుస్తాడు. ఆశగా వెళ్ళిన కొడుకుకు అక్కడ తల్లి కూడా కనిపిస్తుంది, నిన్ను హాస్టలు బడిలో వేస్తున్నామని ఇద్దరూ కలిసి చెబుతారు. రోజూ లేని మనిషి ఆ ఒక్కరోజు తండ్రి అయిపోయాడు. తరువాత కొడుకు ఆ బడి నుంచి పారిపోతే ప్రిన్సిపాల్ ఫోను చేసి, ఇంట్లో మగదిక్కు లేకపోవడం వల్లే ఇలా అయ్యాడేమో అన్నట్టు మాట్లాడతాడు. అప్పుడు ఆ తల్లి విరుచుకుపడిన తీరు చూసి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. నువ్వు ఆ సన్నివేశం గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మీ ఇంట్లో నాన్నగారు ఉన్నారు. అయినా ఇంత పొడవు ఉత్తరంలో ఆయన రెండు చోట్లే కనిపిస్తారు. ఒకటి, ‘నాన్నకు యార్డు తప్ప ప్రపంచం లేదు’. రెండు, ‘నాన్నతో ఇలాంటివి మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు’. మరి నిన్ను ఆ కాలేజీలో చేర్చాలని నిర్ణయించింది ఎవరు? ఫీజు కట్టింది ఎవరు? దింపడానికి అమ్మ, మేనమామ వచ్చారని, నాన్నగారు కొట్టు వదిలి రాలేదని నువ్వే రాశావు. గేటు దగ్గర నువ్వు చూసిన ముఖం అమ్మది కాబట్టి నేరం అమ్మ ఖాతాలో పడింది. మంగళగిరి మీదుగా బస్సెక్కి, వారధి దాటి, ఆదివారం ఆదివారం క్యారియరు పట్టుకుని వచ్చింది కూడా ఆమే. ‘ఇంటికి తీసుకెళ్ళమంటే తల తిప్పుకునేది’ అన్నావు. తీసుకెళ్ళే అధికారం ఆమెకు ఎవరిచ్చారు?

మన ఇళ్ళలో ఇది చాలా పాత ఏర్పాటు. పిల్లలు నాన్నతో చెప్పవలసింది అమ్మ చేత చెప్పిస్తారు. నాన్న పిల్లలకు ఇవ్వవలసిన ఆజ్ఞ అమ్మ చేత ఇప్పిస్తాడు. రెండు కోపాలూ ఆమె మీదే పడతాయి. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఈ ఏర్పాటును నేను ఏనాడూ గౌరవించలేదు, నా కొడుకులకు ఆ అలవాటు చేయలేదు. ‘మీ నాన్నను అడుగు’ అని మీ అమ్మ మొదటిసారి ఆ పని చేయనంటే నీకు తిరస్కారంలా వినిపించింది. నాకైతే ఆమె ఇన్నాళ్ళకు తనను తాను కాపాడుకున్నట్టు కనిపించింది.

గాజుల ఊసు మళ్ళీ ఎత్తకు. అది స్త్రీధనం. దాని మీద కట్టుకున్న భర్తకే హక్కు లేదని కోర్టులు చెబుతుంటే నీకెక్కడిది? రేపు ఆమె మనసు కరిగి తీసి ఇచ్చినా పుచ్చుకోకు. తల్లి తనకు ద్రోహం చేసిందని చెప్పే సినిమాకు ఆ తల్లి బంగారమే పెట్టుబడి కావడం నాకు సహించదు. నువ్వు ఆరాధిస్తున్న డోలాన్ బాలనటుడిగా సంపాదించి దాచుకున్న డబ్బు ఆ సినిమాలో పెట్టాడు. అతని వయసు లెక్కపెట్టావు, ఈ సంగతి లెక్కపెట్టలేదు.

ఇంకొకటి. అయిదేళ్ళ తరువాత, 2014లో, అతనే ‘మమ్మీ’ తీశాడు. మళ్ళీ తల్లీకొడుకుల కథే, తల్లిగా మళ్ళీ ఆన్ దొర్వాలే. కాన్స్‌లో జ్యూరీ బహుమతి వచ్చింది. మొదటి సినిమాలో అమ్మను శిక్షించాలనుకున్నానని, ఈసారి ఆమె తరఫున పగ తీర్చుకుంటున్నానని అతనే చెప్పుకున్నాడు. అందులోనూ తండ్రి లేడు, చనిపోయి ఉంటాడు. అది కూడా చూడు, తరువాత కథ రాయడానికి కూర్చో.

ఉద్యోగంలో చేరు. జీతంలో కొంత తీసి పక్కన పెట్టు, పెట్టుబడి అదే. చేరేలోగా ఒక సాయంత్రం, మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కాటా వేసే హడావుడి లేని వేళ చూసుకుని నాన్నగారి కొట్టుకు వెళ్ళు. ఇంట్లో వద్దు, ఇంట్లో అయితే అమ్మ మధ్యలోకి వచ్చి సర్దిచెబుతుంది. సినిమా తీయాలని ఉందని, ఆ రెండేళ్ళూ హాస్టల్లో ఏడ్చానని నీ నోటితో చెప్పు. ఆయన కసురుకోవచ్చు, లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకపోవచ్చు. కసిరినా నిలబడి విను. ఆ కసురు ఇన్నేళ్ళూ ఎవరి మీద పడుతూ వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

అమ్మతో మాత్రం ఈ రాత్రే మాట్లాడు. క్షమాపణలు, కన్నీళ్ళు అక్కర్లేదు, అన్నం పెట్టమని అడిగితే చాలు. ఆ కాలేజీ ఎవరి నిర్ణయమో ఆమెను గుచ్చి గుచ్చి అడగకు, భర్త మీద చాడీ చెప్పించినట్టవుతుంది. ఆ రోజు వెంట వచ్చిన మేనమామను అడుగు. ఆయనకు అంతా తెలిసి ఉంటుంది.