సోల్డర్ పేస్ట్ రాసిన సర్క్యూట్ బోర్డును మర్నాటి దాకా ఉంచొచ్చా?

ఉంచకపోవడమే మంచిది, పేస్ట్ రాశాక కొద్ది గంటల్లోనే కాంపొనెంట్లు పెట్టి, వేడిచేసి సోల్డర్ చేసేయాలి.

పేస్ట్ అంటే సన్నటి సోల్డర్ (కరిగి కాంపొనెంట్లను బోర్డుకు అతికించే లోహం) పొడి, ఫ్లక్స్ (లోహం మీది ఆక్సైడ్ పొరను తొలగించే పదార్థం) కలిసిన ముద్ద. మూత బిగించిన డబ్బాలో అది నెలల తరబడి బాగానే ఉంటుంది. ప్యాడ్ (కాంపొనెంట్ అతికే లోహపు చోటు) మీద పలచటి పొరగా పరిచాక మాత్రం అంతా గాలికి తగులుతుంది. ఫ్లక్స్‌లోని ద్రావకం ఆవిరై జిగురు తగ్గుతుంది, తేమ పీల్చుకుంటుంది, సోల్డర్ రేణువులు ఆక్సీకరణ చెందుతాయి. ఎంతసేపు ఆగుతుందో ఆ పేస్ట్ డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉంటుంది, తప్పకుండా చూడండి. చాలా రకాలకు అది గంటల లెక్కే.

ఉదాహరణకు, రాత్రి పేస్ట్ రాసి పొద్దున 0603 సైజు చిన్న రెసిస్టర్లు పెడితే అవి సరిగా అతుక్కోకపోవచ్చు. బోర్డు కదిలితే జారిపోవచ్చు. వేడిచేశాక సోల్డర్ పరుచుకోకుండా చిన్న చిన్న గుండ్లుగా మిగలొచ్చు.

డబ్బాను ఫ్రిజ్‌లో పెడతాం కాబట్టి బోర్డునూ పెట్టొచ్చని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బయటికి తీయగానే చల్లటి బోర్డు మీద నీటి చెమ్మ పడుతుంది, వేడికి అది ఆవిరై పేస్ట్‌ను చిమ్ముతుంది. కాసేపు ఆగాల్సి వస్తే గది ఉష్ణోగ్రతలోనే, మూత ఉన్న పెట్టెలో ఉంచండి. రాత్రంతా గడిచిపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి కొత్తగా రాయండి.