సెన్సర్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ చదువుతోంది. ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు, బయోసెన్సర్ల మీద పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. అయిదేళ్లు దండగ, ఆ తర్వాతా ఉద్యోగం గ్యారంటీ లేదని బంధువులందరూ అంటున్నారు. తన క్లాస్‌మేట్లు కొందరు డేటా సైన్స్ కోర్సుల్లో చేరిపోయారు. ఈ రెండింటినీ పోల్చి, ఏది మంచిదో చెప్పండి. సెన్సర్లే అయితే నానో టెక్నాలజీ ఉన్న టాపిక్ తీసుకుంటే డిమాండ్ ఉంటుందా? (ఒక తండ్రి)

జవాబు: మీరు అడిగింది పోలిక. ఉత్తరం చదివితే మాత్రం దిగులు ఇంకోచోట ఉందనిపించింది. తోటివాళ్లంతా ఉద్యోగాల్లో కుదురుకుంటారు, మా పిల్ల ముప్పై దగ్గర పడుతున్నా ఇంకా ల్యాబ్‌లోనే ఉంటుందేమో అన్నది మీ భయం. కెమిస్ట్రీ చదివే పిల్లల తల్లిదండ్రుల నుంచి నాకు ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. టాపిక్ పేరు మారుతుందంతే. కాబట్టి ముందు ఆ భయం సంగతి చూద్దాం.

మీ అమ్మాయి నేర్చుకోబోయేది కొలవడం. ద్రావణంలో ఎలక్ట్రోడ్ పెట్టి, ఇంత వోల్టేజీ ఇస్తే ఇంత కరెంటు వచ్చింది, దాన్నిబట్టి ఇందులో ఫలానా పదార్థం ఇంత ఉంది అని నమ్మకంగా చెప్పగలగడం. ఈ పని తెలిసినవాళ్లు చాలా చోట్ల కావాలి. షుగర్ టెస్ట్ స్ట్రిప్పులు, ఐసీయూలో రక్తంలోని సోడియం, పొటాషియం, ఆక్సిజన్ చూసే యంత్రాలు, నీటిలో సీసం ఉందేమో పరీక్షించే పరికరాలు, కార్బన్ మోనాక్సైడ్ లీకైతే మోగే అలారంలు, ప్రతి ల్యాబ్‌లో ఉండే పీహెచ్ మీటరు. వీటిలో చాలావాటిలో పనిచేసేది ఎలక్ట్రోకెమిస్ట్రీయే. సెన్సర్ల మీద థీసిస్ చేసినవాళ్లు బ్యాటరీల వైపు, లోహాల తుప్పు నివారణ వైపు మళ్లగలరు, ఎందుకంటే అక్కడ వాడేదీ అదే పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్‌కు కావలసిన వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే పరికరం), అదే ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే నిరోధం) కొలత. ఒక తలుపు మూసుకుపోతే అన్నీ మూసుకుపోతాయేమోనన్న టెన్షన్ ఈ సబ్జెక్టులో పెట్టుకోకండి.

అయితే ఓపిక ఎంత కావాలో దాచను. ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్ గురించి లీలాండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1956లో ప్రచురించారు. దాని మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పొరగా ఉంచితే షుగర్ కొలవొచ్చని ఆయన, లయన్స్ అనే సహచరుడు కలిసి 1962లో చెప్పారు. ఇలా జీవపదార్థం సాయంతో కొలిచేదే బయోసెన్సర్. పెన్ను సైజులో ఉండి, రోగి తనంతట తాను వాడుకోగలిగిన ఎలక్ట్రోకెమికల్ మీటరు బజారులోకి వచ్చింది మాత్రం 1987లో. మధ్యలో పాతికేళ్లు పట్టడానికి కారణాలున్నాయి. ఎంజైముకు ఆక్సిజన్ కావాలి, రక్తపు చుక్కలో అది అన్నిసార్లూ ఒకేలా ఉండదు. ఎంజైము తయారుచేసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొలవడానికి సుమారు 0.6 నుంచి 0.7 వోల్టులు ఇవ్వాలి. ఆ వోల్టేజీ దగ్గర విటమిన్ సి, యూరిక్ యాసిడ్, రోగి వేసుకున్న పారాసెటమాల్ కూడా కరెంటు ఇచ్చేస్తాయి. దాంతో ఉన్నదానికన్నా ఎక్కువ షుగర్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంజైము నుంచి ఎలక్ట్రాన్లు అందుకుని తక్కువ వోల్టేజీ దగ్గరే ఎలక్ట్రోడ్‌కు చేర్చే మధ్యవర్తిగా ఫెరోసీన్ రకం పదార్థాన్ని వాడొచ్చని 1984లో చూపించాక దారి సుగమమైంది. ఇప్పుడు చర్మం కింద రెండు వారాల దాకా ఉండి ఎప్పటికప్పుడు షుగర్ చెప్పే సెన్సర్లు వచ్చాయి. వాటి కష్టాలు వాటికున్నాయి. శరీరం వాటిని పరాయి వస్తువుగా చూసి చుట్టూ ప్రొటీన్లు, కణాలు పేర్చేస్తుంది, రీడింగు మెల్లగా పక్కకు జారుతుంది. మంచి ఎనలిటికల్ కెమిస్ట్‌కు పని దొరికేది ఇదిగో, ఇలాంటి చిక్కుల దగ్గరే. అవి ఇప్పట్లో తీరేవీ కావు.

ఇక నానో సంగతి. నాకు గట్టి అనుమానాలున్నది ఇక్కడే, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఈ రంగంలో ఒక రకం పేపరు మూసగా తయారైంది. ఏదో ఒక కొత్త నానో పదార్థం (అతిసూక్ష్మ కణాలతో చేసినది) తయారుచేస్తారు. దాన్ని గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద చుక్కగా వేసి ఆరబెడతారు. శుభ్రమైన బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో, డోపమైనో (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) గ్లూకోజో కలిపి కొలుస్తారు. మా డిటెక్షన్ లిమిట్ (గుర్తించగలిగిన అతి తక్కువ మోతాదు) ఫలానా ఫలానా పేపర్ల కన్నా తక్కువ అని ఒక పట్టిక ఇస్తారు. చివర్లో సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) బాగా పలచన చేసి, అందులో తామే తెలిసిన మోతాదు కలిపి, కలిపినదంతా దాదాపు కొలతలో తిరిగి వచ్చిందని రాస్తారు. పేపరు అచ్చవుతుంది. చాలాసార్లు ఆ ఎలక్ట్రోడ్ కథ అక్కడితో సరి.

డోపమైన్‌నే తీసుకోండి. రక్తంలో అది నానోమోలార్‌కు (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు గాఢత) అటూ ఇటూ కూడా ఉండదు, ఇంకా తక్కువే. విటమిన్ సి పదుల మైక్రోమోలార్లలో, యూరిక్ యాసిడ్ వందల మైక్రోమోలార్లలో ఉంటాయి. అంటే పదుల వేల, లక్షల రెట్లు ఎక్కువ. మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్ మీద ఈ మూడూ ఇంచుమించు ఒకే వోల్టేజీ దగ్గర ఆక్సీకరణ చెందుతాయి. పైగా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎలక్ట్రోడ్‌కు అంటుకుని దాన్ని మొద్దుబారుస్తుంది. బఫర్‌లో వచ్చిన అందమైన గ్రాఫు ఇక్కడికి వచ్చేసరికి నిలబడదు. బఫర్ దగ్గరే ఆగిపోయిన థీసిస్‌తో ఇంటర్వ్యూకు వెళ్లిన పిల్లలు "అసలు శాంపిల్‌లో పనిచేసిందా?" అన్న మొదటి ప్రశ్నకే తడబడటం నాకు బాధ కలిగిస్తుంది. తప్పు వాళ్లది కాదు. వాళ్లను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఈ ధోరణిని ఆ రంగంలోని శాస్త్రవేత్తలే ఎత్తిచూపారు. 2020లో మార్టిన్ పుమెరా అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరులు గ్రాఫీన్‌కు (ఒక్క పరమాణువు మందాన ఉండే కార్బన్ పొర) పక్షి రెట్టను చేర్చి పరీక్షించారు. మామూలు గ్రాఫీన్ కన్నా అది మెరుగైన ఉత్ప్రేరకంగా పనిచేసింది. గ్రాఫీన్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా మూలకాలు కలుపుతూ, ప్రతిసారీ గుణం పెరిగిందని రాసుకుంటూ పోతే అందులో కొత్తగా తెలిసేది ఏముంది అన్నది వాళ్ల ప్రశ్న. నానో పదార్థాలు పనికిరావని నేను అనను. ఇంట్లో చేసుకునే చాలా టెస్టు కిట్ల మీద కనిపించే ఎర్రగీత బంగారు నానో కణాలదే. కానీ అక్కడ ఆ కణాలు ఒక అవసరం కోసం వచ్చాయి. టైటిల్‌లో నానో అన్న మాట ఉంటే డిమాండ్ ఉంటుందనుకుని టాపిక్ ఎంచుకోవడం మాత్రం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

కాబట్టి టాపిక్ కన్నా ల్యాబ్‌నూ గైడ్‌నూ ఎంచుకోవడం మీద దృష్టి పెట్టమనండి. ఆ ల్యాబ్ పేపర్లలో పలచన చేయని అసలు శాంపిళ్లు ఉన్నాయా? అదే శాంపిల్‌ను హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) లాంటి మరో పద్ధతిలో కొలిచి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టారా? ఒక్క ఎలక్ట్రోడ్‌తో సరిపెట్టారా, లేక విడివిడిగా చేసిన పది ఎలక్ట్రోడ్లు ఒకే జవాబు ఇచ్చాయా? నెల రోజులు దాచి మళ్లీ వాడితే ఏమైంది? చివరిగా, సీనియర్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? ఈ చివరి ప్రశ్న గైడ్‌ను అడిగితే సరిపోదు, సీనియర్లకే ఫోన్ చేసి అడగాలి. కంపెనీల కొలబద్ద ఎంత కఠినంగా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇంట్లో వాడే గ్లూకోమీటర్లకు 2013 నాటి ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, షుగర్ 100 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు అసలు విలువకు 15 శాతం లోపల ఉండాలి. 100 కన్నా తక్కువైతే తేడా డెసిలీటరుకు 15 మిల్లీగ్రాముల లోపల ఉండాలి. మామూలు మనిషి స్ట్రిప్పు పెట్టి చూసుకున్నా ఆ కచ్చితత్వం రావాలి. డిటెక్షన్ లిమిట్ ఎంత తక్కువ అన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

డేటా సైన్స్ గురించి ఎక్కువ చెప్పను. మంచి విద్యే. అయితే ఏ సబ్జెక్టు మీదా పట్టు లేకుండా కొన్ని నెలల కోర్సు ఒక్కటే పట్టుకుని వెళితే, అదే కోర్సు చేసినవాళ్లు ఆ వరుసలో చాలామంది నిలబడి ఉంటారు. సెన్సర్ల పనిలో రోజూ వచ్చేది డేటాయే. పైథాన్ ప్రోగ్రామింగ్, గణాంకాలు, కీమోమెట్రిక్స్ (రసాయన కొలతల డేటాను గణితంతో విశ్లేషించడం) పీహెచ్‌డీలోనే నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. దాంతోపాటు కొద్దిగా ఎలక్ట్రానిక్స్, స్క్రీన్ ప్రింటింగ్‌తో ఎలక్ట్రోడ్లు చేయడం వస్తే ఇంకా మంచిది.

పీహెచ్‌డీ చేసిన ప్రతి ఒక్కరికీ ప్రొఫెసర్ పోస్టు దొరకదు, ఇది మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. పోస్ట్ డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) చేస్తూ ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి నుంచీ డయాగ్నస్టిక్స్, పరికరాల కంపెనీల వైపు కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. కుదిరితే మధ్యలో కొన్ని నెలలు అలాంటి చోట పనిచేయాలి. ఏడాదిన్నర, రెండేళ్లకు ఒకసారి ఆగి, పని సాగుతోందా లేదా అని తనూ గైడూ కూర్చుని చూసుకోవాలి. ఇంకా సందేహంగా ఉంటే ముందు ఒక ఏడాది క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఉద్యోగం చేసి రావడం కూడా మంచి దారే. ఆ ఏడాది వృథా కాదు.

ఇప్పుడు మీకు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో బంధువులు ఏమన్నారో ఉంది, క్లాస్‌మేట్లు ఏం చేశారో ఉంది. మీ అమ్మాయికి ఆ పని ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం లేదు. "పట్టుబట్టింది" అని రాశారు కానీ ఎందుకని అడిగారా? ఇరవై రెండేళ్ల మనిషి, తను ఏం చేయాలనుకుంటోందో పేరు పెట్టి చెబుతోంది. అలా చెప్పగలిగే పిల్లలు నాకు అరుదుగా కనిపిస్తారు. బంధువుల మాట ఆమె మాటకన్నా ముందు మీ చెవికి చేరడం సరికాదు. అయిదేళ్లు ల్యాబ్‌లో ఉండబోయేది వాళ్లు కాదు.

ఒక సాయంత్రం కూర్చుని, ల్యాబ్‌లో ఏం చేస్తావో చెప్పమనండి. బహుశా ఎలక్ట్రోడ్ పాలిష్ చేయడం గురించి చెబుతుంది. తడి అల్యూమినా పొడి, ముందు ఒక మైక్రాన్‌ది, తర్వాత 0.3, చివరికి 0.05. గుడ్డ మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దడం, కడగడం, ఫెర్రీసయనైడ్ ద్రావణంలో పెట్టి సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజీని పెంచి, మళ్లీ తగ్గిస్తూ కరెంటు గ్రాఫు) తీయడం. ఆ గ్రాఫులోని రెండు శిఖరాల మధ్య దూరం సిద్ధాంతం ప్రకారం 59 మిల్లీవోల్టులు. డెబ్బై, ఎనభై వస్తే సరే. నూట యాభై వస్తే ఎలక్ట్రోడ్ సరిగ్గా శుభ్రం కాలేదన్నమాట, మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. ఒక్కోరోజు పొద్దుటి పూటంతా దీనికే పోతుంది. ఈ విసుగు గురించి చెబుతూ కూడా తన ముఖంలో ఉత్సాహం ఉంటే ఒప్పుకోండి. ఆ ఊసెత్తగానే నీరసపడితే, పీహెచ్‌డీ మాట కొన్నాళ్లు పక్కన పెట్టి నేను చెప్పిన క్వాలిటీ కంట్రోల్ దారి చూడండి.

తను అనుకుంటున్న ల్యాబ్‌లు రెండో మూడో ఉంటాయి కదా, ఒక్కో ల్యాబ్ నుంచి ఈమధ్య వచ్చిన ఒక్కో పేపరు నాకు పంపమనండి. అసలు శాంపిల్ ఉన్న భాగం తను ముందే చదివి, తనకేమనిపించిందో నాలుగు వాక్యాలు రాయమనండి. అవి చూసి నేను నేరుగా తనకే జవాబు రాస్తాను.